ఐసు మీద వేసిన రోడ్డు: అలాస్కా హైవే ఎందుకు అలలు తిరుగుతుంది?

అలాస్కా హైవే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డాసన్ క్రీక్ అనే ఊళ్లో మొదలవుతుంది. యూకాన్ ప్రాంతం గుండా సాగి, అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో డెల్టా జంక్షన్ దగ్గర ముగుస్తుంది. పొడవు సుమారు 2,230 కిలోమీటర్లు. 1942లో సైన్యం కోసం వేసిన ఈ దారిని 1948లో ప్రజలకు తెరిచారు. ఇప్పుడు వేసవి వస్తే చాలు, దీని మీద ఆర్వీలు బారులు తీరుతాయి. పడక, వంటగది, స్నానాలగది అన్నీ చక్రాల మీదే ఉన్న బండి ఆర్వీ. ఊరికీ ఊరికీ మధ్య వంద కిలోమీటర్లకు పైగా అడవి తప్ప ఏమీ లేని చోట, ఇల్లు వెంట తీసుకెళ్లడమే తెలివైన పని.

దారి పొడవునా చూసేవాటికి కొదవ లేదు. మంచో సరస్సు పచ్చరాయి రంగులో కనిపిస్తుంది. లియార్డ్ నది వేడినీటి ఊటల్లో నీరు 42 డిగ్రీలకు తక్కువ ఉండదు. వాట్సన్ లేక్ ఊళ్లో ఊరి పేర్ల బోర్డులే అడవిలా నిలబడి ఉంటాయి. 1942లో ఇంటి మీద బెంగ పెట్టుకున్న ఒక సైనికుడు తన ఊరి పేరుతో తొలి బోర్డు పాతాడు. ఆ తరవాత వచ్చిపోయేవాళ్లు తలా ఒకటి తగిలిస్తూ పోయారు.

రాకీ పర్వతాల్లోని ఎత్తులూ మలుపులూ దాటి, క్లూయేన్ సరస్సు ఒడ్డున డిస్ట్రక్షన్ బే అనే ఊరు వచ్చేదాకా రోడ్డు మొత్తమ్మీద నిలకడగానే ఉంటుంది. అక్కడి నుంచి అలాస్కా సరిహద్దు దాకా, సుమారు 200 కిలోమీటర్లు, కథ మారిపోతుంది. చూడటానికి చాలావరకు చదునైన నేల. పక్కన పొట్టి చెట్లు, చిత్తడి. రోడ్డు మాత్రం సముద్రం మీద పడవలా బండిని ఊపేస్తుంది. మరీ లోతైన చోట్ల రోడ్డు సిబ్బంది అంచున చిన్న జెండాలు పాతి హెచ్చరిస్తారు. వేసవిలో సరిచేసిన ముక్క తరవాతి ఏడాదికి మళ్లీ వంకర తిరుగుతుంది. కొండల్లో గట్టిగా నిలిచిన రోడ్డు చదునులో ఎందుకు నిలవదు? దీనికి జవాబు రోడ్డు కింద ఉంది.

రోడ్డు కింద ఏముంది?

వరసగా రెండేళ్లు, అంతకు మించి, సున్నా డిగ్రీల వద్దో ఇంకా కిందో ఉండిపోయిన నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. యూకాన్ దక్షిణ భాగంలో ఇది అక్కడక్కడా ముక్కలుగా ఉంటుంది. ఉత్తరానికీ పడమరకూ పోయేకొద్దీ ముక్కలు కలిసిపోతాయి. కెనడాలో అన్నిటికన్నా పడమరన ఉన్న ఊరు బీవర్ క్రీక్. దాని చుట్టుపక్కల పర్మాఫ్రాస్ట్ లేని చోటే అరుదు. ఆ ఊరికి దగ్గర్లోని స్నాగ్ విమానాశ్రయంలో 1947 ఫిబ్రవరి 3న ఉష్ణోగ్రత సున్నాకు 63 డిగ్రీల దిగువకు పడిపోయింది. ఉత్తర అమెరికా ప్రధాన భూభాగంలో నమోదైన చలికి ఇదే హద్దు.

ఈ నేల పైభాగం, చోటును బట్టి అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా, ప్రతి వేసవిలో కరిగి ప్రతి చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. దాని కింద ఉన్నది కరగకుండా వందల, వేల ఏళ్లు నిలుస్తుంది. జూలైలో 20 డిగ్రీలు దాటే ఎండ కాసే చోట ఇది ఎలా సాధ్యం? పైన పరుచుకున్న నాచు, కుళ్లీ కుళ్లని ఆకుల పొర దీన్ని కాపాడుతున్నాయి. వేసవిలో నాచు పైభాగం ఎండి, లోపల గాలి నింపుకుని ఉంటుంది కనక వేడిని కిందికి పోనివ్వదు. శరత్కాలానికి అదే నాచు వానతో తడిసి, ఆపైన గడ్డకడుతుంది. ఐసు పట్టిన నాచు ఎండిన నాచుకన్నా ఎన్నో రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. అంటే లోపలికి రావలసిన వేడిని ఆపి, లోపలి వేడిని బయటికి వదిలేస్తుంది. ఏ ఇంజినీరూ గీయని ఏకదిశ తలుపు అది.

పర్మాఫ్రాస్ట్ అయినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. గట్టి రాతి మీద వేసిన రోడ్డుకు ఆ రాయి గడ్డకట్టి ఉన్నా కరిగినా ఒకటే, ఎందుకంటే రాతిలో ఐసు పట్టే సందు తక్కువ. హిమానీనదాలు అరగదీసి వదిలిన మెత్తటి ఒండ్రులో సంగతి వేరు. కొన్నిచోట్ల మట్టికన్నా ఐసే ఎక్కువ ఉంటుంది. కొండల్లో రోడ్డు నిలవడానికీ, చదునులో నిలవకపోవడానికీ మొదటి కారణం ఇదే. పల్లపు నేలల్లోనే ఒండ్రు, నీరు, నాచు మూడూ చేరతాయి.

చలికి ఉబ్బడం

రోడ్డు కదలికలు రెండు రకాలు. ప్రయాణికులు రెండిటినీ కలిపి ఒకే పేరుతో పిలుస్తారు గానీ, అవి ఎదురెదురు దిక్కుల పనులు. ఒకటి చలికాలంలో పైకి ఉబ్బడం. పర్మాఫ్రాస్ట్ లేని చోట కూడా, చలి గట్టిగా ఉండే ఏ దేశంలోనైనా ఇది కనిపిస్తుంది.

నీరు గడ్డకడితే పరిమాణంలో సుమారు 9 శాతం పెరుగుతుంది. నేల ఉబ్బడానికి అదే కారణమని చాలాకాలం అనుకున్నారు. లెక్క మాత్రం కుదరదు. మట్టిలో నీరు కొంత భాగమే కాబట్టి, మీటరు లోతున గడ్డకట్టినా నేల మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి లేవకూడదు. లేచేది అంతకు ఎన్నో రెట్లు. మిగతా ఎత్తు ఎక్కడినుంచి వస్తోంది?

కిందనుంచి వచ్చి చేరుతున్న నీటి నుంచి. మట్టి గడ్డకట్టినా అందులోని నీరంతా ఒక్కసారిగా ఐసు కాదు. మట్టిరేణువును అంటుకుని ఉన్న అతి పలచటి నీటిపొర సున్నా కంటే దిగువన కూడా ద్రవంగానే మిగులుతుంది. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఆ పొర పలచబడి, పక్కనుంచి నీటిని లాగుతుంది. దీపం వత్తి వెలుగుతున్న కొసకు నూనెను తెచ్చినట్టు, ఒండ్రు కింది తడిని చలిగా ఉన్న కొసకు తెస్తుంది. అక్కడ అది గడ్డకట్టి మట్టిని పైకీ కిందికీ విడగొట్టి, మధ్యలో పలక లాంటి ఐసు పొరగా పెరుగుతుంది. నీరు అందినంతకాలం పెరుగుతూనే ఉంటుంది. తవ్వి చూస్తే మట్టి పొర, ఐసు పొర, మళ్లీ మట్టి పొర, ఇలా వరసలు కనిపిస్తాయి.

ఇందుకు మట్టి కూడా అనువుగా ఉండాలి. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి, లాగే బలం చాలదు. మెత్తటి బంకమట్టిలో లాగే బలం ఉంది గానీ సందులు మరీ ఇరుకు, నీరు నత్తనడక నడుస్తుంది. ఒండ్రు రెండిటికీ మధ్యస్థం. రోడ్డుకు అంతకన్నా చెడ్డ మట్టి లేదు.

*పెట్టె: బెంజీన్ చెప్పిన సాక్ష్యం*

నీరు వ్యాకోచించడం వల్లే నేల ఉబ్బుతుందన్న నమ్మకాన్ని పడగొట్టినవాడు స్టీఫెన్ టేబర్. అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాని. 1929, 1930లలో వెలువడిన పరిశోధనల్లో ఆయన మట్టిని పైనుంచి చల్లబరుస్తూ, కిందనుంచి ద్రవం అందేలా ఏర్పాటు చేశాడు. నీటికి బదులు బెంజీన్ వాడినప్పుడూ మట్టి ఉబ్బింది. గడ్డకట్టేటప్పుడు బెంజీన్ కుంచించుకుపోతుందే గానీ పెరగదు. కుంచించుకునే ద్రవం కూడా నేలను పైకి లేపిందంటే, కారణం వ్యాకోచం కాదు; చలి వైపు ద్రవం వలస రావడమే.

తెలుగు జిల్లాల్లో నల్లరేగడి మీద వేసిన రోడ్లు కూడా ఉబ్బుతాయి, బీటలు తీస్తాయి. అక్కడ పని చేసేది వేరే సూత్రం. ఆ మట్టిలోని ఖనిజమే నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. యూకాన్‌లో మట్టిరేణువు ఉబ్బదు, దాని పక్కన ఐసు పెరుగుతుంది. రెండుచోట్లా ఇంజినీరుకు మొదటి శత్రువు మాత్రం నీరే.

*పెట్టె ముగిసింది*

కరిగి కుంగడం

చలికాలపు ఉబ్బు వేసవికి చాలావరకు దిగిపోతుంది. డిస్ట్రక్షన్ బే దాటాక కనిపించే పెద్దపెద్ద గుంతలకు ఎక్కువగా రెండో కదలికే కారణం. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న ఐసు కరిగి, నీరు పక్కలకు జారిపోయి, పైనున్న నేల కుంగుతుంది. ఇది మళ్లీ వెనక్కి రాదు.

ఈ పాఠం 1942లోనే అమెరికా సైన్యానికి ఎదురైంది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగాక, అలాస్కాకు భూమార్గం అత్యవసరమైంది. 1942 మార్చిలో పని మొదలైంది. పదివేలకు పైగా సైనికులు పాల్గొన్నారు. వాళ్లలో మూడోవంతు దాకా నల్లజాతి రెజిమెంట్లవాళ్లు. దక్షిణాన అలవాటైన పద్ధతిలోనే బుల్డోజర్లతో చెట్లూ నాచూ గీకేసి, కింది గట్టినేల బయటపెట్టారు. కొద్ది రోజుల ఎండకు ఆ గట్టినేల సూపులా మారి యంత్రాలను మింగింది. ఎంత తవ్వితే అంత బురద. చివరికి ఎదురు పద్ధతి పట్టారు. నాచును కదపకుండా, దాని మీద కొమ్మలూ దుంగలూ అడ్డంగా పరిచి, పైన కంకర పోశారు. అక్టోబరులో బీవర్ క్రీక్ దగ్గర అడవిలో రెండు వైపుల నుంచి వచ్చిన బుల్డోజర్లు ఎదురుపడ్డాయి. ఒకదాన్ని నడిపింది నల్లజాతి రెజిమెంటుకు చెందిన కార్పోరల్ రిఫైన్స్ సిమ్స్, రెండోదాన్ని నడిపింది ప్రైవేట్ ఆల్ఫ్రెడ్ జలూఫ్కా. నవంబరు 20న క్లూయేన్ సరస్సు పక్కన ప్రారంభోత్సవం జరిగింది. ఆ కాలంలోనే సీమన్ ముల్లర్ అనే భూవిజ్ఞాని రష్యన్ గ్రంథాల్లోని అనుభవాన్ని కూడగట్టి, గడ్డకట్టిన నేల మీద నిర్మాణాల గురించి అమెరికా సైన్యానికి నివేదిక రాశాడు. సైబీరియాలో రైలుమార్గాలు వేసినవాళ్లు అప్పటికే ఈ బురదను చూసి ఉన్నారు.

నాచును అలాగే ఉంచి కంకర పోసినంత మాత్రాన సమస్య తీరదు. రోడ్డు ఉండటమే నేలకు వేడి. ఆ వేడి మూడు దారుల్లో వస్తుంది. నల్లటి తారు ఎండను పీల్చుకుంటుందన్నది అందరూ ఊహించేదే. రెండోది అంత తేలిగ్గా తట్టదు. చలికాలంలో రోడ్డు మీది మంచును యంత్రాలు పక్క వాలు మీదికి నెడతాయి. మంచులో గాలి ఎక్కువ కనక అది వేడిని కదలనివ్వదు. బయట సున్నాకు 40 డిగ్రీల దిగువన చలి ఉన్నా, మీటరు మంచు కింద నేల ఆ చలిని చూడదు. వేసవిలో చేరిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. రోడ్డు మధ్యభాగం చలికి చక్కగా గడ్డకడుతుంది, అంచులు మాత్రం ఏటికేడు వెచ్చబడతాయి. అందుకే అంచులు ముందు కుంగి, రోడ్డు వెంబడి పొడవాటి బీటలు పడతాయి. వెనకవాళ్లకు దారి ఇద్దామని బరువైన ఆర్వీని అంచుకు దించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పైకి గట్టిగా కనిపించే ఆ అంచే రోడ్డులో అన్నిటికన్నా బలహీనమైన చోటు.

మూడోది నీరు. రోడ్డు కట్ట అడ్డుపడి పక్కన నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు ఎండను దాచుకుంటుంది. కట్ట కిందుగా పారే నీరు ఇంకా చెడ్డది, తనతో వేడిని మోసుకుపోయి దారి పొడవునా ఐసును కరిగిస్తుంది. కరిగిన చోట గుంత, గుంతలో మరింత నీరు, దానితో మరింత కరగడం. ఒకసారి మొదలైతే తనంతట తాను సాగే వ్యవహారమిది. రోడ్డు పక్కన తాగినవాళ్లలా తలో దిక్కుకు ఒరిగిన స్ప్రూస్ చెట్లు కనిపిస్తే, వాటి వేళ్ల కింద నేల కదులుతోందని అర్థం.

అలల మధ్య దూరం, బండి ఊపు

గుంతలు ఒక లయలో ఎందుకు వస్తాయి? ఒక కారణం ఐసు మేకులు. కఠోరమైన చలికి నేల కుంచించుకుని సన్నగా పగులుతుంది. వసంతంలో మంచునీరు ఆ పగులులో దిగి గడ్డకడుతుంది. మరుసటి చలికాలం నేల అక్కడే మళ్లీ పగులుతుంది. ఏటా కొద్దికొద్దిగా పెరిగి, వందల వేల ఏళ్లకు అది పైన వెడల్పు, కింద సన్నంగా, కొన్ని మీటర్ల లోతుకు దిగిన మేకు అవుతుంది. ఈ పగుళ్లు ఎండిన చెరువు అడుగులా బహుభుజాల వల అల్లుతాయి. ఒక్కో గడి అడ్డకొలత తరచుగా 10 నుంచి 30 మీటర్లు. రోడ్డు ఈ వలను దాటినచోటల్లా కింద ఒక మేకు ఉంటుంది. అది కరిగితే రోడ్డుకు అడ్డంగా ఒక పల్లం ఏర్పడుతుంది.

ఈ దూరాలే ఆర్వీకి చిక్కు తెస్తాయి. కమాన్‌పట్టీల మీద కూర్చున్న బరువైన బండి ఒకసారి ఊగితే, సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగడం దాని సహజ స్వభావం. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. 20 మీటర్లకో పల్లం ఉంటే సెకనుకు ఒకటింపావు సార్లు కుదుపు తగులుతుంది. కుదుపు లయ, బండి లయ కలిసిపోతాయి. ప్రతి పల్లం ముందు ఊపును ఇంకాస్త పెంచుతుంది. ఆర్వీ వెనక భాగం ఇరుసుకు అవతల చాలా దూరం వేలాడుతుంది కనక తోక భాగం నేలను గీసుకుంటుంది. అల్మరా తలుపులు తెరుచుకుని గిన్నెలు కింద పడతాయి. వెనక ట్రైలర్ కట్టుకున్న బండ్లలో భారమంతా కొక్కెం మీద పడుతుంది. వేగం 50కి తగ్గిస్తే అదే రోడ్డు మీద కుదుపులు సెకనుకు ముప్పావు సారి కన్నా తగ్గి, లయ తప్పుతుంది. ఈ దారిలో నెమ్మదిగా పొమ్మనే సలహా జాగ్రత్తపరుల చాదస్తమేమీ కాదు.

యూకాన్‌లో చాలా చోట్ల రోడ్డుకు మందపాటి తారు కాంక్రీటు పరచరు. తారు చిమ్మి దాని మీద చిన్న కంకర చల్లి అదుముతారు. ఏటా కుంగే రోడ్డు మీద ఖరీదైన పొర వేయడం దండగ. దీన్నయితే గీకి, చదును చేసి, మళ్లీ వేయడం సులువు. కొత్తగా చల్లిన కంకర లేచి ముందు అద్దాలు పగలడం దీనికి ప్రయాణికులు చెల్లించే మూల్యం.

నేలను చల్లగా ఉంచే ఉపాయాలు

నేల కదలకుండా ఉండాలంటే ఒకటే దారి: కింద ఐసు కరగకూడదు. అన్నిటికన్నా పాత ఉపాయం కంకరను ఎత్తుగా పోయడం. యూకాన్‌లోని డాసన్ సిటీ ప్రాంతం (డాసన్ క్రీక్ కాదు) నుంచి ఉత్తరాన ఇనూవిక్ అనే ఊరి దాకా ఉన్న డెంప్‌స్టర్ హైవే 1979లో పూర్తయింది. సుమారు 740 కిలోమీటర్ల ఆ కంకర రోడ్డు చాలా చోట్ల మనిషి ఎత్తు కట్ట మీద సాగుతుంది. వేసవి వేడి కట్టలోనే అలసిపోయి కింది నేలను చేరకూడదన్నది లెక్క. ఇనూవిక్ నుంచి ఆర్కిటిక్ సముద్రతీరంలోని టక్టోయాక్‌టక్‌కు 2017లో తెరిచిన రోడ్డును చాలావరకు చలికాలంలోనే కట్టారు. నేల తవ్వలేదు. గడ్డకట్టిన నేల మీద గుడ్డ లాంటి పొర పరిచి, పైన మట్టి, కంకర పోశారు. 1942లో సైనికులు బురదలో నేర్చుకున్నదానికి ఇది మెరుగుపడ్డ రూపం.

మరో ఉపాయం పెద్ద రాళ్ల కట్ట. మట్టి కలపకుండా రాళ్లు మాత్రమే పేరిస్తే మధ్యలో గాలి ఆడుతుంది. చలికాలంలో పైనున్న చల్లగాలి బరువెక్కి కిందికి దిగుతుంది, కింది వెచ్చటి గాలి పైకి వస్తుంది. నేలలోని వేడి అలా తోడుకుపోతుంది. వేసవిలో వెచ్చటి గాలి పైనే, చల్లటిది కిందే ఉంటుంది కాబట్టి గాలి కదలదు. నాచు చేసిన పనినే రాళ్లు మరో పద్ధతిలో చేస్తాయి.

అదే సూత్రం మీద పనిచేసేది థర్మోసైఫన్ గొట్టం. మూసిన గొట్టంలో అమ్మోనియానో కార్బన్ డయాక్సైడో నింపి, సగం నేలలో పాతుతారు. చలికాలంలో అడుగున ఉన్న ద్రవం నేల వేడికి ఆవిరై పైకి లేస్తుంది. పైకొసన రెక్కల దగ్గర చలికి మళ్లీ ద్రవమై గోడల వెంట జారుతుంది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వేసవిలో పైకొస కిందికన్నా వెచ్చగా ఉంటుంది కనక పని దానంతటదే ఆగిపోతుంది. డెల్టా జంక్షన్ దగ్గర ఆర్వీల నుంచి కనిపించే ట్రాన్స్-అలాస్కా చమురు గొట్టాన్ని మోసే స్తంభాల తలల మీద రెక్కలున్నవి ఇవే. 1977లో పూర్తయిన ఆ 1,287 కిలోమీటర్ల గొట్టం పొడవునా ఇవి లక్షకు పైగా ఉన్నాయి. 2006లో ల్హాసా దాకా ప్రారంభమైన చింగ్‌హై-టిబెట్ రైలుమార్గంలో చైనా ఇంజినీర్లు రాళ్ల కట్టలనూ ఈ గొట్టాలనూ రెండిటినీ వాడారు.

బీవర్ క్రీక్ దగ్గర 2008లో యూకాన్ రోడ్డు విభాగం, క్యూబెక్‌లోని లావాల్ విశ్వవిద్యాలయం తదితరులు కలిసి హైవే మీదే ప్రయోగశాల పెట్టారు. పన్నెండు ముక్కల్లో రాళ్ల కట్ట, వాలు మీద ఎండా మంచూ పడకుండా కప్పులు, లేత రంగు పూత, మంచు తొలగించడం వంటివి విడివిడిగానూ కలిపీ పరీక్షించారు. ఉపాయాలకు లోటు లేదు. 200 కిలోమీటర్ల పొడవునా వాటిని అమర్చే ఖర్చు దగ్గరే లెక్క తేలదు. ఏటా కంకర పోసి సరిచేయడం అప్పటికి చవకగా కనిపిస్తుంది, కాబట్టి ఎక్కువ చోట్ల జరుగుతున్నది అదే.

వెచ్చబడుతున్న ఉత్తరం

ఈ ఉపాయాలన్నీ చలికాలపు చలిని అరువు తెచ్చుకుని పని చేసేవే. ఆ చలే తగ్గుతోంది. ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకు రెండింతలకు మించిన వేగంతో వెచ్చబడుతోంది. సున్నాకు ఒకటి రెండు డిగ్రీల దిగువన మాత్రమే ఉన్న నేల, ఎవరూ రోడ్డు వేయకపోయినా కరిగే అంచున ఉంది. ఉత్తరార్ధగోళపు పర్మాఫ్రాస్ట్ నేలల్లో చచ్చిన మొక్కల రూపంలో సుమారు 1,400 నుంచి 1,600 వందకోట్ల టన్నుల కార్బన్ ఉందని అంచనా. గాలిలో ఉన్నదానికి అది దాదాపు రెండింతలు. నేల కరిగితే సూక్ష్మజీవులు దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వదులుతాయి. అవి వాతావరణాన్ని మరింత వెచ్చబరుస్తాయి.

హైవే దాటి అలాస్కా లోపలికి వెళ్లే ఆర్వీల్లో చాలావాటి గమ్యం డెనాలి జాతీయ ఉద్యానం. దాని ఏకైక రోడ్డు 73వ కిలోమీటరు దగ్గర ప్రెటీ రాక్స్ అనే కొండవాలును దాటాలి. ఆ వాలు కింద ఐసు ఉంది. 2014కు ముందు అక్కడ రోడ్డు ఏడాదికి కొన్ని అంగుళాలు జారేది. 2017కు నెలకు కొన్ని అంగుళాలు, 2018కి వారానికి కొన్ని, 2019కి రోజుకు కొన్ని అంగుళాల చొప్పున జారింది. ఎంత కంకర పోసినా ఆ వేగాన్ని అందుకోలేక 2021 ఆగస్టులో అక్కడినుంచి రోడ్డు మూసేశారు. జారే ముక్కను వదిలేసి, దాని మీదుగా దాటేలా సుమారు 145 మీటర్ల ఉక్కు వంతెన పని 2023లో మొదలైంది. ఆర్వీలు ఆగే టెక్లానికా శిబిరం 47వ కిలోమీటరు దగ్గరే ఉంది కనక, మూసివేత దాని జోలికి రాలేదు.